షుగర్ డాడీని వదిలొచ్చాక: పెద్దలు తప్పనే సలహాలు

అమ్మలూ, ఆయన్ని వదిలేశావు, హైదరాబాద్ ఫ్లాటు ఖాళీ చేసి రాజమండ్రి వచ్చేశావు. మంచి పని చేశావు. ఇక "పెళ్లి చేసుకో, అన్నీ మర్చిపో" అంటారు. నేను అలా అనను.

పెళ్లికి తొందరపడకు. ఆ సలహా ఏం చేసిందో మన గోదావరి జిల్లాలు ఒకసారి చూశాయి. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. 1956 సవరణతో పెళ్లిళ్లలో కళావంతుల, అంటే తెలుగు దేవదాసీల, ఆటపాటల మేళాలు కూడా నిషిద్ధమయ్యాయి. మురమండ, మండపేట, ముమ్మిడివరంలో చదువూ సంగీతమూ వచ్చిన ఆడవాళ్లకి బతుకుతెరువు పోయింది. సంస్కర్తలు వాళ్లకి మనువు చూపించారు గానీ పని చూపించలేదు. వాళ్లదీ నీదీ ఒకే కథ కాదు. వాళ్లది కులమూ గుడీ ముడిపడ్డ ఆచారం, నీది ఫోన్లో కుదిరిన ఒప్పందం. బయటికొచ్చిన ఆడదానికి చెప్పే మాట మాత్రం అదే: పెళ్లి చేసుకో. నువ్వు ముందు నీ జీతం నీ ఖాతాలో పడనీ.

ఆయనిచ్చినవి మొహాన కొట్టి రమ్మంటారు స్నేహితురాళ్లు. వద్దు. గొలుసు బిల్లు తీసి చూడు, ఎవరి పేరు రాశారో. ఫ్లాటు నీదేనని నోటితో ఎన్నిసార్లు అన్నా నీది కాదు, దానపత్రం రిజిస్టరైతేనే నీది. చుట్టం కానివాళ్లిచ్చిన డబ్బు ఏడాదిలో 50,000 దాటితే మొత్తానికీ పన్ను పడుతుంది. ఆడిటర్‌ని కలిసి కట్టేసి, రశీదు దాచుకో. భరణం వస్తుందని మాత్రం నమ్ముకోకు. డబ్బిచ్చి ప్రధానంగా పడక కోసం ఉంచుకున్న స్త్రీది పెళ్లిలాంటి బంధం కాదని 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పులో "కీప్" అని రాశారు. చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని పాతిపెట్టకు. కళావంతుల నర్తకి, బల్లిపాడు సరిదె మాణిక్యమ్మగారిని తలుచుకో. లోకం ఆమె నాట్యవిద్యని సిగ్గుచేటంది. ఆమె పదాలూ అభినయమూ మనసులో భద్రంగా ఉంచుకుని, తర్వాత స్వప్నసుందరి లాంటి నర్తకికి నేర్పింది. మర్చిపొమ్మన్నవాళ్ల మాట వినుంటే మనకేం మిగిలేది? నీకూ కొన్ని వచ్చు. ఇంగ్లీషులో తొణక్కుండా మాట్లాడటం, డబ్బున్నవాడికి విసుగెప్పుడొస్తుందో కనుబొమ్మ చూసి పసిగట్టడం, మాట మార్చి బేరం నిలబెట్టడం. కడియం నర్సరీల వాళ్లకి బెంగళూరు బిల్డర్లతో మాట్లాడగల మనిషి కావాలి. వెళ్లి అడుగు.

ఇంటర్వ్యూలో ఆయనతో గడిపిన రెండేళ్లూ ఏం చేశావని అడుగుతారు. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పెట్టకు, వెరిఫికేషన్లో దొరికిపోతావు. "సొంత పనులున్నాయండి, ఇప్పుడు తీరాయి" అను, చాలు. అంతకుమించి ఎవరికీ ఒప్పుకోళ్లు అక్కర్లేదు. కాళ్లకూరి నారాయణరావుగారి నాటకంలో వేశ్య చింతామణి చివరికి కృష్ణభక్తిలో పడింది. నువ్వు పడనక్కర్లేదు, భక్తి ఉంటే అది వేరే సంగతి.

ఆయన నీ ఫొటోలు చూపించి బెదిరిస్తే, "పరువు పోతుంది, ఎంతోకొంతిచ్చి సర్దుకో" అంటారు ఇంట్లోవాళ్లు. పైసా ఇవ్వకు. ఒకసారి ఇస్తే మళ్లీ అడుగుతాడు. చాట్లు చెరపకు, తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తియ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టు. స్టేషనుకి వెళ్లాల్సొస్తే నాన్నగారికంటే ముందు వకీలుకి ఫోన్ చెయ్యి.