పక్కా బిల్లు

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివేవాళ్ల హాస్టల్ మాది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చు. అంతకు మించి దానికి వేరే సుగుణం ఏమీ లేదు.

ఓనరుకు ఓ పాత డీజిల్ కారుంది. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వైపు 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి ఎక్కుతుంటే అది ఉన్నట్టుండి ఆయాసపడటం మొదలుపెట్టింది. ఎంత తొక్కినా పికప్ లేదు. నారాయణగూడలో ఓ మెకానిక్ చూసి టర్బో మొత్తం మార్చాలన్నాడట. ఆ రేటు విన్న రోజు మాకు కూరలో ఆలుగడ్డలు కూడా తగ్గాయి.

మా రూమ్‌లో బీటెక్ మెకానికల్ చదివినవాడొకడున్నాడు. "బానెట్ లేపుండ్రి అంకుల్" అని, టర్బో యాక్చుయేటర్‌కి వెళ్లే సన్న రబ్బరు గొట్టాన్ని అవతలి చివర ఊడబీకి నోట్లో పెట్టుకుని పీల్చాడు. గాలి బిగిసి నాలుక అతుక్కోవాలి. అతుక్కోలేదు. వేలితో తడుముకుంటూ పోతే వంపు దగ్గర సన్నటి పగులు.

"టర్బో మంచిగనే ఉన్నది. గొట్టం పోయింది. వాక్యూమ్ అందక పని చేస్తలేదు."

ఓనరు ముఖం వెలిగింది. "మన ఆర్వోకి నొక్కితే పట్టుకునే కనెక్టర్లుంటయి గద తమ్మీ. మిద్దె మీద పాతయి నాలుగున్నయి. అవే ఏస్తే?"

మావాడికి ఇలాంటి మాటే కావాలి. సిలబస్‌లో లేని పాఠం మొదలుపెట్టాడు. ఆర్వో గొట్టం పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. గాలి పనులకు వాడేది 6. చూడ్డానికి ఒకటే, కానీ ఆర్వో కనెక్టర్‌లో 6 గొట్టాన్ని పెడితే ఓ-రింగు సరిగా మూయదు. ప్లాస్టిక్ కనెక్టర్లు మామూలుగా 60 డిగ్రీల దాకానే. బానెట్ కింద అంతకంటే ఎక్కువే కాగుతుంది. సిలికాన్ గొట్టం వేడికి ఆగుతుంది గానీ మరీ మెత్తన, కనెక్టర్ లోపలి పళ్లకు పట్టు దొరకదు.

"ఇత్తడి కనెక్టర్లు, వైటాన్ ఓ-రింగులు, నైలాన్ గొట్టం. బ్రేకుకు గూడ ఇదే పంపు వాక్యూమ్ ఇస్తది అంకుల్, ఈడ కక్కుర్తి వద్దు."

ఇద్దరూ రాణిగంజ్ వెళ్లారు. ఓనరు బేరమాడలేదట! అడ్వాన్సుకు ఏనాడూ రసీదు ఇవ్వని మనిషి, జీఎస్టీతో సహా పక్కా బిల్లు అడిగి మరీ రాయించుకున్నాడట. మావాడు ఆ నిజాయితీకి మురిసిపోయి వచ్చి మాకు చెప్పాడు. వీడు ఏసీబీలో చేరకపోవడమే మంచిది.

గొట్టాన్ని బ్లేడుతో నిటారుగా కోశాడు. కోత వంకరైతే అక్కడే గాలి లాగుతుందట. కనెక్టర్‌లో ఆఖరిదాకా నొక్కి, వెనక్కి గుంజి చూశాడు. నిపుల్స్ దగ్గర కొత్త రబ్బరు ముక్కలు తొడిగాడు. సాయంత్రం కారు బ్రిడ్జి మీదికి ఉరికింది. వచ్చేటప్పుడు చిక్కడపల్లిలో ఆగి, ఓనరు వాడికి చాయ్ తాగించాడు. హాస్టల్ చరిత్రలో అది మొదటిసారి.

నెలాఖరున నోటీసు బోర్డు మీద ఆ బిల్లు జిరాక్సు అంటించి ఉంది. పుష్ కనెక్టర్లు, ఇత్తడి, నాలుగు. నైలాన్ ట్యూబు, మూడు మీటర్లు. కింద ఓనరు చేతిరాత: "ఆర్వో మిషన్ రిపేరు. తలకు 50."

మావాడు పరుగెత్తాడు. "అంకుల్, అవి కారుకు తెచ్చినయి గద!"

"బిల్లుల కారు అని ఏడన్న ఉన్నదా తమ్మీ?"

తిరిగొచ్చి లిస్టు మొత్తం చదివాం. అందరికీ 50. మావాడి పేరు ఎదురుగా మాత్రం 65. ఆ పదిహేనూ చాయ్‌కట.