ఓటీటీలో వస్తుందిగా!

కొత్త సినిమా పేరు చెవిన పడితే చాలు, మా మామయ్య చెయ్యి జేబు తడుముకుంటుంది. డబ్బు తీద్దామని కాదు, భద్రంగా ఉందో లేదో చూసుకుందామని. ఆ వెంటనే వచ్చే మాట మా ఇంటిల్లిపాదికీ కంఠోపాఠం: "దానికోసం హాలుదాకా ఎందుకురా? నెల్రోజులు ఓపిక పడితే ఓటీటీలో వస్తుందిగా!"

ఇలాంటి మామయ్యలు ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో అంతస్తుకొకరు చొప్పున ఉన్నారు. మీ అంతస్తులో ఎవరూ కనబడకపోతే ఓసారి అద్దం ముందు నిలబడి చూడండి.

అలాగని ఆయన పిసినారేం కాదు. పెళ్ళికెళ్తే చదివింపుల దగ్గర చెయ్యి వెనక్కి తీయడు, మామిడిపళ్ళు బుట్టలకు బుట్టలు తెస్తాడు. సినిమా హాలు అనేసరికి మాత్రం, సహకార బ్యాంకులో ముప్పై ఏళ్ళు లెడ్జర్లు రాసిన ఆ చెయ్యి ఊరుకోదు.

"చూడు అల్లుడూ, మన హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో టికెట్ 250. దాని మీద జీఎస్టీ 18 శాతం. వెరసి 295. నలుగురికి 1,180. ఫోన్లో కొన్న పాపానికి కన్వీనియెన్స్ ఫీజని ఇంకో నూట నలభై. ఎవరి కన్వీనియెన్సురా అది? పాప్‌కార్న్, కూల్‌డ్రింకులు కలిపి వెయ్యి. పెట్రోలుతో సహా రెండున్నర వేలు. ఆ హీరో గాల్లో ఎగిరి నలుగురిని తంతే చూడ్డానికి!"

ఈ శాస్త్రంలో ఆయనకు తెలియని సంగతి లేదు. 2021లో ఆంధ్రాలో టికెట్ రేట్లు కట్టడి చేసి పల్లెటూరి హాల్లో అట్టడుగు తరగతికి ఐదు రూపాయలన్నప్పుడు, ఊళ్ళో పొలం చూసొస్తానని బయల్దేరబోయాడు. ఆ పొలం అమ్మేసి పదేళ్ళయిందని అత్తయ్య గుర్తుచేసింది. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చుని, పెద్ద సినిమాలు ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలనుకున్నప్పుడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 2024 డిసెంబరులో పాప్‌కార్న్ జీఎస్టీ గొడవ వచ్చినప్పుడైతే, ఉప్పూ మసాలా చల్లి విడిగా అమ్మితే 5, ప్యాకెట్టు కట్టి పేరు పెడితే 12, చక్కెర పాకం పడితే 18 శాతం అని కింద వాచ్‌మన్‌కు కూడా విడమరిచి చెప్పాడు.

ఒకసారి మా ఆఫీసులో ఊరికే ఇచ్చిన టికెట్లున్నాయని బతిమాలి తీసుకెళ్ళాను. గుమ్మం దగ్గర సెక్యూరిటీ అమ్మాయి అత్తయ్య హ్యాండుబ్యాగు తెరిచి, పసుపు డబ్బా అడుగున కర్చీఫులో చుట్టిన చేగోడీలు బయటికి తీసింది. "బయటి తిండి లోపలికి తేకూడదమ్మా" అంది. మామయ్య గొంతు సవరించుకున్నాడు. "2023 జనవరిలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో తెలుసా?" అన్నాడు. తెలుసో తెలియదో గానీ, బయటి తిండి వద్దనే హక్కు హాలు వాళ్ళకు ఉందని చెప్పింది కూడా ఆ కోర్టే. ఆ ముక్క దాటేసి, మంచినీళ్ళు ఊరికే ఇవ్వాలన్న ముక్క పట్టుకున్నాడు. సినిమా జరిగినంతసేపూ ఐదుసార్లు లేచెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. దాని ఫలితంగా ఇంకో మూడుసార్లు లేచాడు. క్లైమాక్సులో విలన్ ఎలా పోయాడో ఇప్పటికీ ఆయనకు తెలియదు. చేగోడీలు ఆ అమ్మాయి బల్లమీదే ఉండిపోయాయి.

ఇంతకీ ఇంట్లో ఆయన సినిమా చూసే వైభోగం చూడాలి. యాభై అయిదు అంగుళాల టీవీ, 48 వేలు. దాని గొంతు పీలగా ఉందని సౌండ్‌బార్, 14 వేలు. నడుం నొప్పికని కాళ్ళు చాపుకునే సోఫా, 32 వేలు. మొత్తం 94 వేలు. ఇంటర్నెట్టు, ఓటీటీ చందాలు ఇందులో కలపలేదు. మొన్న కాగితం మీద నేనే లెక్కేశాను. మామయ్య చెప్పిన రెండున్నర వేల చొప్పున చూస్తే ఆ డబ్బుతో కుటుంబమంతా ముప్పై ఏడు సినిమాలు పూర్తిగా, ముప్పై ఎనిమిదోది ఇంటర్వెల్ దాటి ఇంకో పాటదాకా చూడొచ్చు. కాగితం చూపిస్తే, "టీవీ ఖర్చు కాదురా, వస్తువు" అన్నాడు.

శనివారం రాత్రి తొమ్మిదింటికి ప్రదర్శన మొదలు. ముందు సినిమా ఎంచుకోవాలి కదా. రిమోట్ పట్టుకుని బొమ్మలన్నీ కుడికీ ఎడమకూ తోసుకుంటూ పోతాడు. "ఇది చూశాం. ఇది చూసినట్టే ఉంది. ఇది మలయాళం." నలభై నిమిషాలయ్యాక ఒకటి కుదిరితే, మళ్ళీ లాగిన్ అవ్వమంటుంది. ఓటీపీ డాలస్‌లో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. అక్కడ శనివారం పొద్దున, వాడు ఇంకా నిద్రలో ఉంటాడు. వాడు బాత్రూముకని లేచి అంకెలు పంపేదాకా మామయ్య ఆ చీకట్లో వార్తలు చూస్తుంటాడు.

ఎలాగో పేర్లు పడతాయి. హీరో ఇంకా మెట్లు దిగుతుండగానే కుక్కరు కూస్తుంది. "ఎన్నోది?" అంటాడు, ఆపు చేసి. కింద కొరియరు. మళ్ళీ ఆపు. వియ్యంకుడి ఫోను. ఆపు. సౌండ్‌బార్ ఠారెత్తిస్తోందని పక్క ఫ్లాటు వాళ్ళు బెల్లు కొడితే, వాళ్ళనూ కూచోబెట్టి కథ మొదటినుంచి చెప్తాడు. పదకొండున్నరకు సోఫా కాళ్ళ దగ్గర లేస్తుంది, తల దగ్గర వాలుతుంది, గురక మొదలవుతుంది. మిగిలింది ఆదివారం. ఆపైన మిగిలింది మంగళవారం. మొన్నామధ్య రెండున్నర గంటల సినిమా ఒకటి మా మామయ్యింట్లో పదకొండు రోజులాడింది. ఈ రోజుల్లో చాలా సినిమాలు హాళ్ళలో కూడా అన్నాళ్ళు నిలబడ్డం లేదు.

ఇందులో ఇంకో పద్దుంది, మామయ్య ఏ పుస్తకంలోనూ రాయనిది. ఇంట్లో పాప్‌కార్న్ పది రూపాయల ప్యాకెట్టుతో అయిపోతుందని ఆయన అంటాడు. నిజమే. ఆ ప్యాకెట్టును కుక్కర్లో పోసి, మూత అదిమిపట్టి, పేలేదాకా పొయ్యి దగ్గర నిలబడేది అత్తయ్య. టీ అన్నా, నంజుకోవడానికేదన్నా ఉందా అన్నా ఆవిడే. కథ ఎక్కడిదాకా వచ్చిందో వంటింట్లోంచి చెవులతో వినాలి. ఒకరోజు నేను ఊరికే అడిగాను, "మీకు హాలంటే ఎందుకంత ఇష్టం అత్తయ్యా?" అని. పోపులో కరివేపాకు వేస్తూ అంది: "అక్కడైతే మూడు గంటలు నన్నెవరూ కాఫీ అడగరు నాయనా. చీకట్లో కూచోబెడతారు. కూచుంటాను. అంతే." 295 రూపాయలకు అది ఖరీదో చవకో నాకు తెలియదు. మామయ్య లెడ్జరులో దానికి గడి లేదు.

తమాషా ఏమిటంటే, ఈయన ఒకప్పుడు హాలు గేటు దగ్గర చొక్కా చింపుకున్న బాపతే. 1990 మే 9న 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. ఆ రోజే కృష్ణా తీరం మీద తుపాను విరుచుకుపడింది. మా వైపు కరెంటు స్తంభాలు వరుసగా పడుకున్నాయి. పెళ్ళయి అప్పటికి నెల కాలేదు. వాన ఇంకా పూర్తిగా తెరిపివ్వకముందే, కొత్త పెళ్ళికూతుర్ని సైకిలు వెనక ఎక్కించుకుని హాలుకు తీసుకెళ్ళాడట. లోపల చీలమండల లోతు నీళ్ళు. కాళ్ళు బెంచీ మీద పెట్టుకుని గొంతుక్కూచుని చూశామని, తన చీర కుచ్చిళ్ళు మామయ్య చేత్తో పట్టుకుని కూచున్నాడని అత్తయ్య చెప్తుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా మామయ్యకు వార్తలు గుర్తొస్తాయి.

2025లో సరిగ్గా అదే తేదీకి, ముప్పై అయిదేళ్ళకు, ఆ సినిమాను మళ్ళీ హాళ్ళలో వేశారు, త్రీడీలో కూడా. ఓటీటీ మాట అటుంచండి, టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మామయ్యకు మాటలతో సహా నోటికొచ్చు. పొద్దున్నే ఫోను.

"ఏరా అల్లుడూ, రెండు టికెట్లు తియ్యి. మధ్య వరసలో."

"కన్వీనియెన్స్ ఫీజు పడుతుంది మామయ్యా."

"పడనీరా, వెధవ ఫీజు!"

నేనూ వెళ్ళాను, రెండు వరసల వెనక కూచున్నాను. తన కళ్ళజోడు మీద త్రీడీ కళ్ళజోడు పెట్టుకుని, అది జారకుండా ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. పేర్లు పడగానే ఈల వేయబోతే కట్టుడు పళ్ళు అడ్డొచ్చాయి, చప్పట్లతో సరిపెట్టాడు. ఇంటర్వెల్లో బయటికెళ్ళి పాప్‌కార్న్ పెద్ద బకెట్టు తెచ్చి, రేటెంతో చెప్పకుండా అత్తయ్య ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కాళ్ళు ఎత్తి సీటు మీద పెట్టుకుని కూచుంది.

మర్నాడు వాళ్ళింట్లో బల్లమీద పద్దుల పుస్తకం తెరిచి ఉంది. మే 9కి ఎదురుగా పాలు, పెరుగు, తోటకూర అని మాత్రమే రాసి ఉంది.