ప్రాక్టీసు నాన్న

విజయదశమినాడు తాంబూలంలో దక్షిణ పెట్టి కూతుర్ని సంగీతం టీచరుగారి ముందు కూర్చోబెడతాడు. అక్షింతలు ఇంకా పిల్ల నెత్తిమీద ఉండగానే, "సంక్రాంతికి కీర్తన పాడేస్తుందాండీ?" అంటాడు. టీచరుగారు నవ్వి ఊరుకుంటారు. ఏటా దసరాకి ఆవిడ వినే ప్రశ్నే అది.

ఆయన్ని మీరెరుగుదురు. పిల్లలు లోపల పాడుతుంటే గుమ్మం బయట చెప్పుల మధ్య నిలబడి తొడమీద ఆదితాళం వేసే మనిషి ఆయనే. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరా వేళ్ళు లెక్కపెడుతూనే ఉంటాడు. వెనకవాడు హారన్ కొడితే అది ఏ స్వరమా అని ఆలోచిస్తాడు.

సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారాలు, పిళ్ళారి గీతాలు, స్వరజతి, వర్ణం... ఆ తర్వాతే కీర్తన. 16వ శతాబ్దంలో పురందరదాసు వేశాడని చెప్పే ఈ దారి ఆయనకు బొత్తిగా నచ్చదు. "జంటలు వదిలేసి గీతాల్లోకి డబల్ ప్రమోషన్ ఇవ్వకూడదా?" అని ఓసారి అడిగేశాడు కూడా.

ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి చార్టు. వరుస పాడితే నక్షత్రం, పది నక్షత్రాలకి చాక్లెట్టు. మొదటివారం ఇల్లు మారుమోగింది. రెండోవారానికి చాక్లెట్టు కాస్తా ఐస్‌క్రీమ్ అయింది. నెల తిరిగేసరికి సైకిల్ బేరం నడుస్తోంది. మూడో కాలంలో పాడితే సాధన తొందరగా అయిపోతుందని కూడా పిల్ల ఈలోగా కనిపెట్టేసి, మొదటి కాలం మొహం చూడ్డం మానేసింది.

"బాలమురళీకృష్ణగారు పసితనంలోనే కచేరీ చేశారు కదండీ" అంటాడు టీచరుగారితో.

"వాళ్ళ నాన్న పట్టాభిరామయ్యగారు వేణువు వాయించేవారు. మీకేం వచ్చు?"

ఆయనకు వచ్చిన వాద్యం ఒక్కటే, సొంత డప్పు. అది చెప్పుకోలేక వాచీ చూసుకుంటాడు.

పాపం, ఆయన కథా ఉంది. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు ఆయన కుర్రాడు. బాలుగారు పిల్లల తప్పులు నవ్వుతూ దిద్దుతుంటే నోరు తెరుచుకుని చూశాడు. హార్మోనియం కావాలన్నాడు. వాళ్ళ నాన్న ఎంసెట్ పుస్తకాలు తెచ్చాడు. ఆ బాకీ ఇప్పుడు కూతురు తీర్చాలి.

పుష్య బహుళ పంచమికి ఊళ్ళో త్యాగరాజ ఆరాధన. పిల్లకి గీతాలే రాలేదు. అయినా పట్టుపరికిణీ కట్టించి పంచరత్న సేవలో వెనక వరుసన కూర్చోబెట్టి, నాట నుంచి శ్రీరాగం దాకా పెదవులు కదపమంటాడు. ఆ మొహమొక్కటే పడేలా వీడియో తీసి బంధువుల గ్రూపులో పెడతాడు.

పిల్ల నిజంగా పాడేది బామ్మ దగ్గర. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "నాకూ నేర్పవే" అంటుంది. కావాలనే రిషభం తప్పుతుంది. "అలా కాదే బామ్మా!" అంటూ మనవరాలు అదే వరుస విసుగన్నది లేకుండా పాడుతూనే ఉంటుంది, అదీ మొదటి కాలంలో. టీచరుగారి కిటుకూ ఇంచుమించు ఇదే. కొత్తగా చేరిన బుడ్డోడికి తాళం నేర్పే పని ఈ పిల్లకి అప్పగిస్తారు. నచ్చిన సినిమా పాటకి స్వరాలు నువ్వే వెతుక్కురా అంటారు. ఆ వెతుకులాటలో పిల్ల అన్నం మాట మర్చిపోతుంది. నన్నడిగితే సాధనంటే అదే. చార్టులో మాత్రం దానికి గడి లేదు.

ఆమధ్య ఆడిట్ పనిమీద ఆయన వారంపాటు విజయనగరం వెళ్ళాడు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల ముందు ఫోటో దిగి, 'నీ కాలేజీ' అని ఇంటికి పంపాడు. పిల్ల మూడో తరగతి.

తిరిగొచ్చేసరికి చార్టు ఖాళీ. ఒక్క నక్షత్రమూ లేదు. పిడుగు పడ్డట్టు నిలబడిపోయాడు. "అంటించేవాళ్ళేరీ? రోజూ పాడుతూనే ఉంది, నిన్న కరెంటు పోయినా ఆపలేదు" అంది వాళ్ళమ్మ. ఎవరూ అడగలేదట, ఎవరూ ఏమీ ఇవ్వలేదట. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"రికార్డు చేశారా?"