చూసీ చూడనట్టు: వాట్సాప్ వాడే ఉద్యోగులకు కొన్ని సలహాలు

“అయ్యో, ఇప్పుడే చూశానండీ!”

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రోజూ నేనే నలుగురితో అంటాను కాబట్టి ఆ మంట బయటికి చెప్పుకోను. నిజానికి ‘ఇప్పుడే’ చూసినవాడు లోకంలో ఒక్కడూ లేడు. పొద్దున పళ్లు తోముకుంటూ మన మెసేజి చూశాడు. బండికి స్టాండు వేస్తూ ఇంకోసారి చూశాడు. టీకొట్టు దగ్గర పక్కవాడికి చూపించి, “ఈయనకి పనీపాటా లేదురా” అని కూడా అన్నాడు. సాయంత్రం మనం ఎదురుపడేసరికి మాత్రం కళ్లు పెద్దవి చేసి, జేబులోంచి ఫోను తీసి, కనుబొమలు ముడేసి, జన్మలో మొదటిసారి చదువుతున్నట్టు చదువుతాడు. సినిమాల్లోకి వెళ్లాల్సిన మనిషి, గుమాస్తాగా ఉండిపోయాడు.

ఎలాగూ అందరం చేస్తున్న పనే. చేసేదేదో పద్ధతిగా చేద్దామని ఈ నాలుగు ముక్కలు. యానాంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లని మనసులో పెట్టుకుని రాశాను గానీ కాకినాడలోనైనా, గచ్చిబౌలిలోనైనా, డల్లాస్‌లోనైనా పనికొస్తాయి.

మొదటి సలహా: మనం ఏం పోగొట్టుకున్నామో తెలుసుకోండి

సాకులు చెప్పడానికి దేశంలో యానాం అంత అనువైన ఊరు ఇంకోటి ఉండేది కాదు. చుట్టూ ఆంధ్రప్రదేశ్. మన ప్రభుత్వమేమో పాండిచ్చేరిలో, సుమారు 870 కిలోమీటర్ల దూరాన. కాగితం అక్కణ్ణుంచి టపాలో రావాలి, జవాబు టపాలో వెళ్లాలి. రాలేదంటే రాలేదంతే. రాలేదని రుజువు చెయ్యమని అడిగిన అధికారి ఇంకా పుట్టలేదు. తరవాత ఫ్యాక్సు వచ్చింది, ‘అక్షరాలు పడలేదండి’ అనే వీలైనా మిగిల్చింది. ఈమెయిలు వచ్చింది, ‘ఓపెనవట్లేదండి’ అన్నాం. అదీ గౌరవంగానే నడిచింది.

గోదారి అవతల ఎదుర్లంక వైపునుంచి వచ్చే ఉద్యోగికి ఆ గోదారే పెద్ద దిక్కు. “పంటు దొరకలేదండి” అంటే ఎంతటి అధికారైనా నోరు మూసుకోవాల్సిందే. గోదారికి మెమో ఎవడిస్తాడు? 2002లో దాని మీద బాలయోగి వారధి తెరిచి ఆ సాకుని నీళ్లలో కలిపేశారు. సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో రోమింగ్ అని ఒక వరం ఉండేది. టెలికాం లెక్కల్లో యానాం ఆంధ్రా సర్కిల్లోకి వస్తుంది, పాండిచ్చేరి తమిళనాడు సర్కిల్లోకి వస్తుంది. అంటే సొంత రాజధానిలో బస్సు దిగగానే మన ఫోను పరాయిదైపోయేది. “రోమింగులో ఉన్నానండి, డబ్బులు కట్టయిపోతున్నాయి” అని ఫోను పెట్టేస్తే అవతలివాళ్లు జాలిపడేవారు. ఆ జాలి కూడా పోయింది.

కనపడని గీతలతో బతకడం ఈ నేలకి కొత్తేం కాదు. 1930 ఏప్రిల్లో బ్రిటిషిండియాలో బాల్యవివాహాల్ని అడ్డుకునే శారదా చట్టం అమల్లోకొచ్చాక, చుట్టుపక్కల జిల్లాల పెద్దమనుషులు చిన్నపిల్లల్ని బళ్లలో ఎక్కించుకుని ఫ్రెంచి యానాంలోకి వచ్చి పెళ్లిళ్లు జరిపించుకుని వెళ్లేవారు. చట్టం గీతకి అటు, పందిరి ఇటు. గొప్పగా చెప్పుకునే చరిత్ర కాదులెండి. కానీ చట్టమంతటిదాన్ని చూడనట్టు నటించిన చోట ఒక మెసేజిని చూడనట్టు నటించలేమా అని మనకో ధైర్యం.

రెండోది: నీలం టిక్కుల శాస్త్రం

ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. మిగతావి వదిలేసినా పరవాలేదు.

వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. అంతకుముందు రెండు బూడిదరంగు టిక్కులు పడితే ‘అందింది’ అని మాత్రమే అర్థం. అందడానికీ చదవడానికీ మధ్య మనిషి కాళ్లు చాపుకోవడానికి బోలెడు చోటుండేది. నీలం వచ్చి ఆ చోటు కబ్జా చేసింది. జనం గోల పెట్టేసరికి, టిక్కు నీలం కాకుండా ఆపుకునే వీలు కొద్దిరోజుల్లోనే సెట్టింగుల్లో ఇచ్చారు. మన ఆఫీసుల్లో చాలామంది ఆ మీట నొక్కేసి, తాము మాయమైపోయామని గుండెల మీద చేతులేసుకుని నిద్రపోతున్నారు.

పాపం వాళ్లకి తెలియని సంగతి ఒకటుంది. ఆ మీట ఒకరికొకరు పంపుకునే మెసేజిలకే పనిచేస్తుంది, గ్రూపుల్లో చెయ్యదు. గ్రూపులో మీరు తెరిచారంటే, పంపినాయన ఆ మెసేజి మీద కాసేపు వేలు నొక్కిపెట్టి ‘ఇన్ఫో’లోకి వెళితే చాలు: ఎవరు చదివారు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు చదివారు, వరసగా హాజరుపట్టీలా ఉంటుంది. మీరు పొద్దున 7:12కి చదివి, మధ్యాహ్నం మూడింటికి ఆయన గదిలో నిలబడి “ఇప్పుడే చూశానండీ” అంటుంటే ఆయన చిన్నగా నవ్వుతాడు చూడండి, ఆ నవ్వుకి అర్థం అది.

అయితే ఒక ఊరట కూడా ఉంది. గ్రూపులో ఉన్న ప్రతివాడూ చదివితేనే టిక్కులు నీలమవుతాయి. ఒక్కడు తెరవకపోయినా బూడిదరంగే. అంచేత ప్రతి గ్రూపులోనూ ఒక పుణ్యాత్ముణ్ణి జాగ్రత్తగా కాపాడుకోండి. సాధారణంగా ఆయన రిటైరై ఉంటాడు, గ్రూపులోంచి తియ్యడం ఎవరికీ గుర్తుండదు. ఫోను ఇరవైనాలుగ్గంటలూ మనవడి చేతిలో బొమ్మల వీడియోలు ఆడుతూ ఉంటుంది. ఆయన తెరవడు. ఆయన తెరవనన్నాళ్లూ, ఇన్ఫో సంగతి తెలియని అధికారి కంటికి మనమెవరం చదవనట్టే. ఎవరైనా అత్యుత్సాహంతో “ఆయన్ని తీసేద్దామా సర్” అంటే గట్టిగా అడ్డుపడండి. పెద్దలంటే గౌరవం ఉండాలని చెప్పండి.

పైన జారే నోటిఫికేషన్‌లోంచి చదివితే టిక్కు మారదు. మంచి పద్ధతే. కాకపోతే అక్కడ కనిపించేది మొదటి రెండు లైన్లు. మన అధికారుల మెసేజిల్లో మొదటి రెండు లైన్లూ నమస్కారాలకీ, ‘పై విషయమై’కీ సరిపోతాయి. అసలు విషయం లోపల ఉంటుంది, లోపలికెళితే నీలం. ఫోన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదివే మేధావులు కూడా ఉన్నారు. విమానం దిగి నెట్టు తగలగానే వాళ్ల బండారమూ దిగుతుంది.

ఇంత విద్య నేర్చుకుని మనం సాధించేది ఏమిటి? “చూశానండి, ఈరోజు కుదరదు, రేపు పంపిస్తాను.” రాస్తే ఇంతే. దీనికి పావు నిమిషం చాలు. ఈ ఒక్క వాక్యం రాయడానికి చెయ్యి రాక, చూడలేదని నమ్మించడానికి రోజంతా పడుతున్న తంటా ఇది. కుదరదని చెప్పడం మనకి ఎవరూ నేర్పలేదు. ఇంట్లో పెద్దలకి చెప్పలేదు, బళ్లో మేస్టారికి చెప్పలేదు, ఆఫీసులో ఎలా చెబుతాం? అందుకని చేస్తామనీ చెప్పం, చెయ్యమనీ చెప్పం. చూడలేదంటాం. చూడనివాడి మీద ఏ నేరమూ ఉండదు కదా.

మూడోది: పులస కాలంలో మరింత జాగ్రత్త

జూలై, ఆగస్టుల్లో గోదారికి ఎర్రనీళ్లు వచ్చి, పులసలు ఎదురెక్కే రోజుల్లో యానాంలో ఏ రహస్యమూ నిలవదు. సాయంత్రం ఐదింటికి అధికారి ఒక మెమో పెడతాడు. గ్రూపు మొత్తం నిశ్శబ్దం. ఐదూ రెండుకి ఎవడో సరదా మనిషి, రేవులో అప్పుడే పడిన పులస ఫొటో పెడతాడు. అంతే. “ఎంతండి?” “ఆయ్, ఆడా మగా?” “మాకొక ముక్కుంచండి గురూగారూ.” ఏళ్ల తరబడి గ్రూపులో మాట్లాడని మనిషి కూడా బెండకాయలు వెయ్యాలా వద్దా అని తీర్పు చెప్పేస్తాడు. పులస మీద నోరు జారినవాడు పైనున్న మెమో చూడలేదని ఇక ఎలా అనగలడు? మెమో మీదుగా ఈదుకుంటూ పోతేగాని పులస తగలదు. కొందరు అధికారులు తమ మనుషులచేతే ఈ ఫొటోలు పెట్టిస్తారని నాకు అనుమానం.

చిన్నా చితకా

తమిళంలో వచ్చిన వాయిస్ మెసేజి యానాం ఉద్యోగికి దేవుడు మిగిల్చిన ఆఖరి ఆస్తి. “అర్థం కాలేదండి” అంటే కాదనేవాడు లేడు. తమిళం నడిచే కారైకాల్లో కొన్నాళ్లు చేసి వచ్చినవాళ్లు మాత్రం ఇది వాడకండి, మీ సర్వీసు రిజిస్టరు సాక్ష్యం చెబుతుంది. పైగా వాయిస్ మెసేజి విన్నారో లేదో అవతల తెలిసిపోతుంది. టిక్కులు ఆపుకునే మీట దానికీ వర్తించదు.

‘నోటెడ్ సర్’ అని మొదట పెట్టినవాడు ఆ పని చెయ్యాల్సి వస్తుంది. ఐదో ‘నోటెడ్ సర్’ మీదై ఉండాలి.

‘టైపింగ్’ అని కనపడ్డాక ఆగిపోకండి. చూడలేదనడానికి ఇక దారి ఉండదు.

పెట్టిన మెసేజి చెరిపేస్తే చెరిపేసిన గుర్తు అక్కడ మిగులుతుంది. ఏం రాశారో తెలియక అందరూ మీరు రాసినదానికంటే ఘోరమైనదేదో ఊహించుకుంటారు. రాసిందే ఉంచెయ్యండి.

పొద్దున్నే పూలూ సూర్యోదయాలూ పంపడం మానండి. గూగుల్ వాళ్లు ఫోన్లు నిండిపోవడానికి కారణం వెతుకుతూ మన శుభోదయాల దగ్గర తేలి, వాటిని ఏరి పారేసే ఏర్పాటుతో ఒక యాప్ తెచ్చారు. అదికాక, ఆరింటికి శుభోదయం చెప్పినవాడికి ఎనిమిదింటివరకూ నెట్టు లేదంటే నమ్మేదెవరు?

ఫ్రాన్సు వాళ్ల సంగతి

2017 జనవరి 1 నుంచి ఫ్రాన్సులో ఒక చట్టం అమలవుతోంది. యాభై మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలు, పనివేళలు దాటాక ఫోనూ మెయిలూ ముట్టుకోకుండా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో కూర్చుని మాట్లాడి తీరాలి. యానాం 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్ల చేతుల్లోంచి వచ్చేసింది, చట్టప్రకారం అన్ని సంతకాలూ తేలేసరికి 1962 ఆగస్టు 16 అయింది. ఈ చట్టం సంగతి టీకొట్టు దగ్గర చెబితే ఒకాయన, “మరీ తొందరపడ్డామంటారా?” అన్నాడు. మనవాళ్లూ ఊరుకోలేదు. 2018లో లోక్‌సభలో సుప్రియా సూలే ఇలాంటిదే ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

అయినా ఏం చేసుకుంటాం? రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజి పెట్టిన ఆయన ‘రేపు’ అనే రాశాడు. ఇప్పుడే చూడమని అనలేదు. అన్నం తింటూ ఎడంచేతి వేలితో తెరిచింది మనం. ఇంట్లోవాళ్లతో “ఈ ఉద్యోగం తిండి తిననివ్వదు” అన్నదీ మనమే. చూడకుండా ఉండలేం, చూశామని ఒప్పుకోలేం. ఈ రెంటి మధ్యా ఉన్న ఇరుకులో మన రాత్రిళ్లు గడిచిపోతున్నాయి. ఏ చట్టం వచ్చి ఈ ఇరుకులోంచి మనల్ని లాగుతుందో నాకైతే తోచడం లేదు.

ఊరు చిన్నదని మరవకండి

పైన చెప్పినవన్నీ తప్పు లేకుండా చేసినా యానాంలో దొరికిపోతారు. 2011 జనాభా లెక్కల్లో ఊరు మొత్తం కలిపి 55,626 మంది. ముప్పై చదరపు కిలోమీటర్లు. మధ్యాహ్నం మీరు చూడని మెసేజి పంపినాయన, సాయంత్రం రాజీవ్ బీచిలో నడకలో ఎదురొస్తాడు. మంగళవారం సంతలో వంకాయలు ఏరుతూ పక్కన తేలతాడు. అప్పుడు ఫోను చెవికి ఆనించుకుని “ఆఁ, చెప్పండి” అంటూ దాటిపోవడం పాత పద్ధతి. మీరు మాట్లాడుతుండగా ఆ ఫోనే మోగితే పరువు పోతుంది. కాబట్టి ముందు సైలెంటులో పెట్టి తరవాత మాట్లాడండి.

ఆఖర్న, మెసేజి పంపినవారు మీరే అయితే

అప్పుడు ఈ సలహాలన్నీ తలకిందులవుతాయి. పది నిమిషాలకోసారి ఇన్ఫో తెరిచి, ఎవడెప్పుడు చదివాడో చూసి, “వీళ్లకి బాధ్యత లేదు” అనుకోండి. గంటాగి ఒక ప్రశ్నార్థకం పెట్టండి. ఇంకో గంటకి ఫోను చెయ్యండి, ఎత్తరు. “ఒకసారి కాల్ చెయ్యగలరు” అని మర్యాదగా రాయండి. చాలాసేపటికి ఒక బొటనవేలి బొమ్మ వస్తుంది. చూశాననా, చేస్తాననా, ఇక విసిగించకనా అని మళ్లీ అడగకండి. అడిగితే ఇంకో బొటనవేలు వస్తుంది.