నడక దూరం: ఒక వెంచరు వాక్యానికి ‘పాదరక్ష’ వ్యాఖ్య

మూలం: “గడియారం చౌరస్తాకు నడక దూరంలో, ఊరి నడిబొడ్డున, ప్రశాంత వాతావరణంలో, వాస్తు ప్రకారం ఓపెన్ ప్లాట్లు. బస్టాండుకు 10 నిమిషాలు. సైటు చూడటానికి ఉచిత కారు సౌకర్యం కలదు.”

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. నల్లగొండలో దేవరకొండ రోడ్డు, హైదరాబాద్ రోడ్డు పొడుగునా, పాలమూరులో (మహబూబ్‌నగర్‌లో) జడ్చర్ల వైపు, భూత్పూర్ వైపు గోడల మీద, ఫ్లెక్సీల మీద, కరపత్రాల్లో, ఫోన్లలో ముక్కలుగా దొరికే పాఠాన్ని ఏరి, అతికి, పరిష్కరించి పైన ఇచ్చాం. కర్త లేడు గనుక వేదంలాగా అపౌరుషేయమని తీర్మానిద్దామంటే, కిందనే రెండు మొబైల్ నంబర్లు ఉంటాయి. ఆ పక్షం నిలవదు. అయితే వేదంలాగే దీన్నీ అర్థం అడగకుండా వల్లించేవాళ్లు ఎక్కువ. కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి ఎక్కడివాడో కాదు, మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం మేమూ పాటిస్తాం. రెండో సగం కూడా పాటిస్తే వ్యాఖ్య మూలం కంటే చిన్నదవుతుంది. అది వ్యాఖ్యాతల వంశానికే తలవంపు.

ప్రతిపదార్థం: ఓపెన్ ప్లాట్లు – సుగమం. వాస్తు – సుగమం. బస్టాండు – సుగమం. (తేలిక పదం ఎదురైతే ‘సుగమం’ అని రాసి ముందుకు పోవడం పూర్వ వ్యాఖ్యాతల మర్యాద. తెలియని పదం ఎదురైనా అలాగే రాసి పోయినవారు ఉన్నారు. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.) ప్రశాంత వాతావరణం అంటే చుట్టుపక్కల ఇంకా ఎవరూ ఇల్లు కట్టుకోలేదని భావం. మిగిలిన చిక్కుముడి ఒక్కటే: నడక దూరం.

టీక: దూరాన్ని మన పెద్దలు ఒంటితోనే కొలిచారు. ‘క్రోశం’ అంటే కేక. ఒక మనిషి వేసిన కేక వినిపించినంత మేర. అదే తెలుగులో కోసెడు దూరం అయింది. సంస్కృతం సాయం లేకుండానే తెలుగువాడు అదే పని చేసి ‘కూతవేటు’ అన్నాడు. ఆవు అరుపు వినిపించినంత మేరను ‘గోరుతం’ అన్నారు. ఈ కొలతల గొప్పతనం ఏమిటంటే వాటిని పరీక్షించటానికి టేపు అక్కర లేదు. గొంతు చాలు, ఆవైనా చాలు. వెంచరు కమాను కింద నిలబడి గట్టిగా ఒక కేక వేస్తే గడియారం చౌరస్తాలో సోడా అమ్మేవాడికి వినిపించాలి. వినిపిస్తే కూతవేటు, వినిపించకపోతే కోతలవేటు. దూరం సంగతి ఇలా తేలింది, ఇక దారి. నిఘంటుకర్త అమరసింహుడు దారికి ఒక్కచోటే డజను పేర్లు చెప్పాడు. అందులో ‘ఏకపది’ అనేది కాలిబాట. ‘పద్ధతి’ అనేది మరొకటి: పాదాల తాకిడికి ఏర్పడినది గనుక పద్ధతి. అంటే మనం రోజూ “వాడికో పద్ధతి లేదు” అని తిట్టే తిట్టులో మొదట ఉన్నది నడిచే దారే. పది మంది నడవగా నడవగా పడిన బాట మర్యాద అయింది, ఆచారం అయింది. కాబట్టి నడిచేవాడికి చోటు లేని రోడ్డును “పద్ధతి లేని రోడ్డు” అనడం తిట్టు కాదు, నిఘంటు సమ్మతమైన వర్ణన.

మరొక మాట చెప్పక తప్పదు. ‘ఘంటాపథం’ అని ఇంకొకటుంది. మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే విశాలమైన రాజమార్గం అది. మల్లినాథుడు భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్యకు ఆ పేరే పెట్టాడు. అంత కఠినమైన కావ్యంలోకి ఏనుగు కూడా సాఫీగా నడిచిపోయేలా దారి వేశానని ఆయన ధీమా. ఇప్పుడు శ్లేష చూడండి. సంస్కృతంలో గజం ఏనుగు. వ్యవహారంలో గజం, పారసీ గజ్ నుంచి వచ్చిన కొలత, మూడడుగుల పొడవు, చదరం చేస్తే తొమ్మిది చదరపు అడుగులు. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. పూర్వం గజాలు నడిచిన దారి ఘంటాపథం. ఇప్పుడు దారికి రెండు పక్కలా గజాలు అమ్ముడుపోతే అది డెవలప్‌మెంటు. ఆ ఏనుగుకు గంట ఉండేది, వస్తున్నదని ముందే తెలిసేది. ఈ గజం ధర ఎప్పుడు మీదికి వస్తుందో చెప్పే గంట లేదు. ఇంతకీ మనం ప్లాటు దగ్గర బయలుదేరి ఏనుగుల దాకా వచ్చాం. వెనక్కి నడవాలి, అదృష్టవశాత్తు వ్యాఖ్యలో దూరాలు తక్కువ.

“బస్టాండుకు 10 నిమిషాలు” అన్నచోట కాలంతో దూరాన్ని కొలిచారు. అది దోషం కాదు. ‘పూట ప్రయాణం’ మన మాటే. కానీ ఎవరి పది నిమిషాలు? మామూలు మనిషి పది నిమిషాలలో ఏడెనిమిది వందల మీటర్లు నడుస్తాడు. గంటకు 60 కిలోమీటర్ల లెక్కన కారు పది కిలోమీటర్లు పోతుంది. మొదటి వాక్యంలో నడక, రెండో వాక్యంలో నిమిషాలు పెట్టి, నడకను కారు నిమిషాలతో కొలిచినందువల్ల ఇక్కడ పన్నెండింతలకు మించిన అతిశయోక్తి అలంకారం. ఇక “ఊరి నడిబొడ్డున” అన్నచోట లక్షణావృత్తి. గంగలో గొల్లపల్లె ఉంది అంటే ప్రవాహంలో పల్లె ఉండదు గనుక గంగ ఒడ్డున అని అర్థం చెప్పుకోవాలని ఆలంకారికులు అంటారు. మరి ఒడ్డున అనే అనొచ్చు కదా అంటే, గంగ చల్లదనం, పవిత్రత ఆ పల్లెకు అంటాలని అలా చెప్పారట. అచ్చం అలాగే నడిబొడ్డు అంటే ఊరి ఒడ్డు. ఇక్కడ అంటవలసింది చల్లదనం కాదు, నడిబొడ్డు ధర. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి మూడూ ఉండాలని తార్కికులు అన్నారు. ఆకాంక్ష కొనేవాడికి ఉంది. యోగ్యత ఎంతో బ్యాంకువాళ్లు జీతం చీటీ చూసి చెబుతారు. సన్నిధి మాత్రం బ్రోచరులోనే ఉంది.

ఎవరి నడక అనేది తర్వాతి ప్రశ్న. నడక అనే మాటను ఈ రెండు జిల్లాల్లో తేలికగా వాడకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తరాల తరబడి ఎముకలు వంచి, పది అడుగులు వేయడమే గగనమైన మనుషులను మిగిల్చిన నేల ఇది. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే లోకంలో ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎవరి ఊళ్లలోనో డ్యాములు, రోడ్లు, మేడలు కట్టటానికి ఇల్లు విడిచి నడిచిన కాళ్లు. ఆ కాళ్లు తిరిగొచ్చి సొంత జిల్లా కేంద్రంలో నడుద్దామంటే ఫుట్‌పాత్ లేదు. ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, షాపు మెట్లు ఉన్నాయి, బండ్లు నిలిపి ఉన్నాయి, లేదంటే మోరీ మీద బండ పగిలి నోరు తెరిచి ఉంది. నడిచేవాడికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఫుట్‌పాత్ మీద హాయిగా నడవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నది. శ్రుతి ఉంది, స్మృతి ఉంది, ఫుట్‌పాతే లేదు. ఈ పంక్తులలో వ్యాఖ్యాన మర్యాద కొంచెం తప్పింది. మోరీలో పడ్డవాడు శార్దూల విక్రీడితంలో అరవడు.

నిజానికి మూలంలోని మాటలన్నీ నిజమయ్యే చోటు రెండు ఊళ్లలోనూ ఉంది. నల్లగొండలో గడియారం చౌరస్తా, ప్రకాశం బజార్, రామగిరి. మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ చుట్టూ ఉన్న పాత గల్లీలు. కిరాణం, కూరగాయలు, బడి, గుడి, మసీదు, మందుల షాపు అన్నీ కాలికి అందే దూరం. అక్కడి ఇల్లు కొనుక్కొమ్మని మాత్రం ఒక్క ఫ్లెక్సీ కనబడదు. కారణం సులువు: పాత ఇల్లు ఒక్కటే ఉంటుంది, ఒక్కసారే అమ్ముడుపోతుంది, చెలకను మాత్రం వంద ప్లాట్లుగా కోయవచ్చు. అమెరికాలో 1961లో జేన్ జేకబ్స్ పాత వీధుల పక్షాన పుస్తకం రాసి వాదించింది. అక్కడ శివార్లు కట్టి కారుకు బందీలైన వాళ్లు ఇప్పుడు నడిచే వీధిలోని ఇంటికి ఎక్కువ ధర పెడుతున్నారు. మనం వాళ్లు వదిలించుకుంటున్న శివారును కొంటూ, వాళ్లు వెతుక్కుంటున్న మాటను దానికి తగిలిస్తున్నాం. ఇందులో సర్కారు వాటా కూడా ఉంది. 2022 డిసెంబరులో మహబూబ్‌నగర్ కొత్త కలెక్టరేటు ఊరి బయట తెరిచారు. నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం అన్నెపర్తి దగ్గర ఉంది. ఆఫీసు కదిలితే దాని వెంట ‘నడక దూరం’ కూడా కదులుతుంది. అర్జీ పట్టుకొని వచ్చే ముసలవ్వకు మాత్రం ఆటో కిరాయి మిగులుతుంది.

పూర్వపక్షం: ఈ ఎండల్లో ఎవరు నడుస్తారయ్యా? సమాధానం: మే నెల మిట్టమధ్యాహ్నం ఎవరూ నడవరు, అప్పుడు ప్లాటు చూడటానికీ ఎవరూ పోరు. మిగతా కాలమంతా పొద్దున, సాయంత్రం నడుస్తారు. ఇరుకు గల్లీలో ఒక వరస ఇండ్ల నీడ ఎదురు వరస మీద పడుతుంది. అరవై అడుగుల రోడ్డు మీద తన నీడ తప్ప మరో నీడ ఉండదు. ఏడు వందల ఏండ్ల వయసు చెప్పుకునే పిల్లలమర్రి చెట్టు ఉన్న పాలమూరుకు నీడ విలువ ఒకరు చెప్పాలా? మరొక ఆక్షేపం: పాత ఇండ్లలో అన్నదమ్ముల వాటాలు, కాగితాల చిక్కులు, గల్లీలో కారు పట్టదు. ఇది బలమైన పక్షం, ఒప్పుకుంటాం. కానీ కాగితాల చిక్కు కొత్త ప్లాటుకు లేదా? లేకుంటే 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) కోసం రాష్ట్రమంతటా లక్షల దరఖాస్తులు ఎందుకు పడ్డాయి? అనుమతి లేని లేఅవుటును క్రమబద్ధం చేసే దారి వేయగలిగిన సర్కారు పాత ఇంటి వాటాలు తేల్చే దారి వేయలేదా? కారు పట్టదన్నది దోషం కాదు, ఆ గల్లీ లక్షణమే అది. మూడో ఆక్షేపం: ఇవాళ దూరమే, రేపు ఊరు అక్కడికే వస్తుంది. దగ్గరి భవిష్యత్తును వర్తమానంలో చెప్పవచ్చని పాణిని కూడా వెసులుబాటు ఇచ్చాడు. సరే, కానీ అది దగ్గరి భవిష్యత్తుకే. ఊరు రావటానికి ఇరవై ఏండ్లు పడితే అప్పటికి కొన్నవాడి మోకాళ్లకు నడక దూరం మారిపోతుంది.

ఇక ధర్మశాస్త్రం. 2016 నాటి రేరా చట్టం, 12వ సెక్షన్: ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోయినవాడికి అమ్మినవాడు పరిహారం ఇవ్వాలి. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుటు రిజిస్టరు కాకుండా ప్రకటనే ఇవ్వరాదు. సూత్రం పదునైనదే. అయితే ‘నడక దూరం’ తప్పని నిరూపించాలంటే ముందు అది ఎంతో తెలియాలి. కొలత లేని మాట అబద్ధం కూడా కాలేదు. అందుకే అమ్మేవాడికి అది అంత ముద్దు. మందు సీసా మీద మిల్లీలీటర్లు రాయిస్తున్నాం, బియ్యం సంచి మీద కిలోలు రాయిస్తున్నాం. దూరం కూడా మీటర్లలో, రోడ్డు వెంట కొలిచి, ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ ఉందో లేదో చెప్పి రాయమంటే కూలిపోయేది అలంకారమే, వ్యాపారం కాదు.

తాత్పర్యం: గ్రంథ తాత్పర్యం తేల్చటానికి మీమాంసకులు ఆరు గుర్తులు చెప్పారు. అభ్యాసం, అంటే చెప్పిందే చెప్పడం: ప్రతి కరెంటు స్తంభం మీదా ఉంది. అపూర్వత, అంటే మరోచోట దొరకని సంగతి: నడిబొడ్డు ఊరి బయట ఉండటం. ఫలం అమ్మినవాడికి. అర్థవాదం, అంటే పొగడ్త: రీజనల్ రింగ్ రోడ్డు గురించి. ఉపపత్తి, అంటే యుక్తి: లేదు. మిగిలిన గుర్తు ఉపక్రమోపసంహారాలు, అంటే మొదలూ చివరా ఒకే మాట చెప్పాలి. మన మూలం “నడక దూరంలో” అని మొదలై “ఉచిత కారు సౌకర్యం కలదు” అని ముగిసింది. నిప్పుతో తడుపుతున్నాడనే వాక్యంలాగా ఇక్కడా యోగ్యత చెడింది. అయినా మొత్తం మూలంలో నిజం చెప్పిన పదం కారు ఒక్కటే.

విశేషం: ఒక దిద్దుబాటు. పైన ప్లాట్లు, వాస్తు, బస్టాండు అనే మూడు పదాలకు ‘సుగమం’ అని రాశాం. ‘సు’ అంటే సులభంగా, ‘గమ’ అంటే పోవడం. సుఖంగా నడిచిపోగలిగినది అని ఆ మాటకు అసలు అర్థం. మూడోదాన్ని వెనక్కి తీసుకుంటున్నాం. ఇండ్లకూ బస్టాండుకూ మధ్య మోరీ మీద కొత్త బండ వేసిన రోజు మళ్లీ రాస్తాం.