పంచపాండవులూ, మా ఇంటి మడత చాకూ

మా ఇంట్లో నాకు సుత్తి ముట్టుకునే హక్కు లేదు. గోడకు మేకు కొట్టబోయి లోపలున్న నీళ్ల పైపును కొట్టిన రోజున మా ఆవిడ ఇచ్చిన తీర్పది. అప్పీలు చేసుకుందామంటే పైకోర్టు మా అమ్మ. ఆవిడ ఎప్పుడూ కోడలి పక్షమే. అలాంటి నేను మొన్న వానాకాలంలో ఓ మడత చాకును బాగుచేశాను. "బాగు" అన్న మాట మీద ఇంట్లో భిన్నాభిప్రాయాలున్నాయి కాబట్టి, జరిగింది జరిగినట్టు మీ దగ్గర ఒప్పేసుకుంటాను.

చాకు అల్లాటప్పాది కాదు. ఫ్రాన్స్‌లో ఉద్యోగం వెలగబెట్టొచ్చిన మా బావమరిది పన్నెండేళ్ల కిందట తెచ్చిచ్చిన ఒపినెల్, ఎనిమిదో నంబరు. ఆల్ప్స్ కొండల్లో సవాయ్ అనే సీమలో జోసెఫ్ ఒపినెల్ అనే ఆయన 1890లో మొదలుపెట్టిన చాకు. బీచ్ కర్ర పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు. 1955లో ఆయన కొడుకు మార్సెల్ దాని మెడకు తిరిగే రింగొకటి తొడిగాడు. దాన్ని పక్కకు తిప్పి ఉంచితే, తెరిచిన బ్లేడు మన వేళ్ల మీదికి ముడుచుకోదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. నాకు మాత్రం గుర్తుండలేదు.

మంచుకొండల్లో జున్నుముక్కలు కోసుకుంటూ దర్జాగా బతకాల్సిన చాకు, నా చేతిలో పడి కాకినాడలో పాల ప్యాకెట్లు చింపింది, కొరియర్ అట్టపెట్టెలు కోసింది, పిల్లాడి పెన్సిళ్లు చెక్కింది, వేసవిలో పచ్చి మామిడికాయలు తరిగింది. పనయ్యాక దాన్ని ఎంగిలి గిన్నెలతో పాటు సింకులో పడేయడం నా అలవాటు. కథంతా ఆ సింకులోనే ఉందని చివరిదాకా నాకు తట్టలేదు.

జూలైలో ఓ రోజు చాకు తెరుచుకోనంది. గోటితో లాగితే గోరు విరిగింది. బావమరిదికి ఫోన్ చేశాను.

"కర్ర నీళ్లు తాగి ఉబ్బింది బావా. సవాయ్ వాళ్లు పిడి వెనక కొసను బల్లకేసి టక్కున కొడతారు. బ్లేడు దానంతటదే ముక్కు బయటపెడుతుంది."

కొట్టాను. ముక్కు బయటపెట్టిన మాట నిజమే. కాకపోతే వాళ్లది కర్రబల్ల, మాది అద్దం బల్ల. ఈ మూల నుంచి ఆ మూలకు గీత పాకింది. ఆ చిట్కా ఒకసారి నా నెత్తి మీద కూడా చూస్తానంది మా ఆవిడ.

అద్దం ఎలాగూ పోయింది, చాకునైనా దక్కించుకుందామని సామాన్ల పెట్టె తీశాను. ఈ చాకుకు ఉండేవి మొత్తం ఐదు భాగాలు: పిడి, బ్లేడు, రెంటినీ కలిపే శీల, మెడకు బిగించిన పట్టీ, దాని మీద తిరిగే రింగు. రింగు కొసల మధ్య కటింగ్ ప్లయర్ ముక్కు దూర్చి వెడల్పు చేయబోయాను. టింగుమంది. ఆ టింగు ఎటు పోయిందో చూడకుండానే శీల తలను ఆకురాయితో అరగదీసి, వెనకనుంచి మేకు పెట్టి కొట్టి బయటికి తీశాను. సుత్తి నిషేధం సంగతి ఆ ఊపులో ఎవరికీ గుర్తు రాలేదు.

పంచపాండవులెందరంటే మంచంకోళ్లలా ముగ్గురన్నాడట వెనకటికొకడు. నాకు మంచంకోళ్ల దాకా లెక్క సరిపోయింది. ఐదోదైన రింగు లేదు. ఫ్రిజ్ కిందా, మిక్సీ వెనకా వెతికితే రెండు రూపాయల బిళ్లా, మావాడు దాచిన ప్రోగ్రెస్ కార్డూ దొరికాయి. దాంతో ఓ గంటపాటు ఇంట్లో అందరి దృష్టీ నా మీదినుంచి మళ్లింది.

ఆ గంటలో బ్లేడు పని పట్టాను. స్టెయిన్‌లెస్ కాదది, కార్బన్ స్టీలు. నల్లగా ఉంది. మా అమ్మ పూజ చెంబులు చింతపండుతో తోమితే తళతళలాడతాయి కదా అని, గిన్నెడు చింతపండు గుజ్జులో రాత్రంతా నానబెట్టాను. పులుపు తుప్పును కరిగిస్తుంది. తుప్పు అయిపోయాక ఇనుమును మొదలుపెడుతుంది. ఎక్కడ ఆపాలో దానికీ తెలియదు, నాకూ తెలియదు. తెల్లారేసరికి బ్లేడు ముఖాన స్ఫోటకం మచ్చలు లేచాయి. 220 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి, 400 దాటి, 1000 దాకా రుద్దాను. నా మొహం కనబడేలా మెరిసింది. గర్వంగా ఫోటో తీసి పంపాను.

"అయ్యో బావా, ఆ నలుపెందుకు తీశావ్?" అన్నాడు బావమరిది. "పన్నెండేళ్లు పుల్లటి కాయలు కోస్తే పట్టిన పూత అది. ఎర్రతుప్పుకు కాస్తో కూస్తో అడ్డుపడేది అదే. అక్కడ జనం దానికోసం ఏళ్ల తరబడి చూస్తారు."

పోనీ పిడికైనా న్యాయం చేద్దామనుకున్నాను. అవిసె నూనె పట్టించమన్నాడు. నూనె ఏదైనా నూనే కదా అని కొబ్బరినూనె దట్టంగా పట్టించాను. అవిసె నూనె గాలికి గట్టిపడి కర్రకు పొరలా అంటుకుంటుంది. కొబ్బరినూనె అలా గట్టిపడదు. ఆల్ప్స్ చాకు మా అమ్మ జడలా గుబాళిస్తూ చేతిలోంచి జారిపోతోంది.

ఇక పదును. సానరాయి లేదు. కాఫీ కప్పు బోర్లిస్తే అడుగున మెరుపు పూత లేని గరుకు వలయం ఉంటుంది, అదే సాన. వాలు ఇరవై డిగ్రీలుండాలి. కాగితం మూలను రెండుసార్లు సగానికి మడిస్తే ఇరవై రెండున్నర వస్తుంది, దాన్ని పక్కన నిలబెట్టుకుని గీశాను. ఈ ఒక్క పనీ నిజంగా కుదిరింది. ఎంత కుదిరిందంటే, పరీక్షలు చేసి చేసి నా ఎడమ ముంజేతి మీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. శీల దూర్చి, ఓ టమాటా మీద చాకు పెట్టి నొక్కాను. మెడకు రింగు లేదు కదా, పిడికి జిడ్డు ఉంది కదా, చాకు మెల్లగా నా వేలి మీదికి ముడుచుకుంది.

రెండు కుట్లు వేస్తూ డాక్టరు గారు ఎలా తెగిందని అడిగారు. చాకు బాగుచేస్తున్నానండీ అన్నాను. "బాగైనట్టే ఉంది," అన్నారాయన.

మర్నాడు మా ఆవిడ ఆ నాలుగు భాగాలనూ గుడ్డలో మూటగట్టి వీధి చివరి వడ్రంగి మేస్త్రికి ఇప్పించింది. ఆయన పిడి గాడిలో ఉప్పు కాగితం మడిచి దూర్చి నాలుగుసార్లు లాగాడు, జిడ్డు తుడిచాడు, అవిసె నూనె పట్టించాడు.

"ఆయ్, చెట్టు నుంచి వేరైనా కర్రకు నీళ్ల మీద ఆశ చావదండి. ఇంతకీ దీన్ని నీళ్లలో పడేసేదెవరండీ?"

మా ఆవిడ జవాబు చెప్పలేదు. నా వేలి కట్టు వైపు చూసింది. నాలుగు రోజులు నీడలో ఉంచి, ఎవరూ ముట్టుకోవద్దన్నాడు మేస్త్రి. ముట్టుకోవద్దన్న ముక్క రెండుసార్లు అన్నాడు.

రింగు పూజగదిలో తేలింది. దొర్లిపోయే గంధం గిన్నెకు మా అమ్మ దాన్ని కుదురుగా పెట్టింది. ఊడుస్తుంటే దొరికిందట. మేస్త్రి శీల తల అణగ్గొట్టి బిగించి, దాన్ని పైన తొడిగాడు.

ఖర్చు లెక్క: బల్ల అద్దం 1,800, కుట్లు 600, ఉప్పు కాగితాలు 60, మేస్త్రికి 50 రూపాయలు. చాకును బాగుచేసినవి ఆ చివరి యాభై మాత్రమే. మీ ఇంట్లోనూ అలాంటి చాకుంటే పిడిని నీళ్లలో ముంచకండి, కోసిన వెంటనే పొడిగుడ్డతో తుడవండి, కీలులో అప్పుడప్పుడూ ఓ చుక్క మిషను నూనె వేయండి. అవి మర్చిపోతే నేరుగా మేస్త్రికివ్వండి. మధ్యలో మీరు దూరకండి.