ఆగడం తెలిసిన బండి

శిడ్లఘట్టలో పట్టుగూళ్ల మార్కెట్టుకు వెళ్లే దారిలో, ఒక రీలింగ్ షెడ్డు వెనక గోడకు ఆనుకుని ఒక టెంపో ట్రావెలర్ ఉంది. చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టారు. పన్నెండు సీట్లలో మిగిలినవి మూడు. మిగతా చోటంతా గూళ్లు పోసే ప్లాస్టిక్ క్రేట్లూ, చిరిగిన గోనెసంచులూ. ఇది ఆ బండి చెప్పుకునే కథ. ఇన్నేళ్లూ అందరూ ‘ఈ బండి’ అనే అన్నారు కనుక తన గురించి తానూ అలాగే చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్ కర్మాగారంలో 2006లో తయారైంది. బజాజ్ టెంపో అన్న పాత పేరు పోయి కంపెనీ ఫోర్స్ మోటార్స్‌గా మారి అప్పటికి ఏడాది. రేకు, రంగు, డీజిల్ ఇంజను. అలాంటి బండ్లు ఆ రోజు ఎన్నో బయటికొచ్చాయి. ఈ బండికి బతుకు మొదలైంది మాత్రం సముద్రం పక్కన, మంగళూరులో.

పణంబూరులోని న్యూ మంగళూరు ఓడరేవుకు చలికాలం మొదలయ్యే వేళకు విహార నౌకలు వస్తాయి. పొద్దున లంగరు వేస్తాయి, సాయంత్రానికి కదిలిపోతాయి. ఆ కొద్ది గంటల్లోనే ప్రయాణికులు ఊరు చూసి రావాలి. ఎక్కువమంది పెద్ద బస్సులెక్కి పోతారు. జట్టు చిన్నదిగా ఉండాలి, నచ్చినచోట కాసేపు నిలబడాలి అనుకున్నవాళ్లు పదిమంది, పన్నెండుమంది కలిసి ఇలాంటి బండి మాట్లాడుకుంటారు. మూడబిద్రిలో 1430 నాటి వెయ్యి స్తంభాల జైన గుడి సావిర కంబద బసది, కార్కళలో 1432లో నిలబెట్టిన 42 అడుగుల ఏకశిలా గోమటేశ్వరుడు, దారిలో ఒక జీడిపప్పు కర్మాగారం. బస్సుల దారి కూడా ఇదే. తేడా అంతా ఆగడంలో ఉంది. బస్సు దిగినవాళ్లకు గంట కొట్టి పిలుపు వచ్చేది. ఈ బండి డ్రైవరు మాత్రం బసది మెట్ల దగ్గర కూర్చుని, స్తంభం ముందు నిలబడిపోయిన ముసలాయన తనంతట తాను కదిలేదాకా చూసేవాడు. ఓడ ఎవరికోసమూ ఆగదని అతనికి తెలుసు. ఆ తొందరనంతా దారిలో సర్దుకునేవాడు తప్ప, చూసేచోట చూపించేవాడు కాదు.

ఆ రోజుల్లో ఈ బండికి బాగా గుర్తుండిపోయిన ప్రయాణం ఆగుంబెది. ఓడలో వచ్చిన ఒక జట్టు అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు. గుళ్లు వద్దన్నారు, మాల్గుడి చూపించమన్నారు. ఆర్.కె. నారాయణ్ రాసిన మాల్గుడి ఏ పటంలోనూ లేని ఊరు. 1986లో శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం ‘మాల్గుడి డేస్’ తీసినప్పుడు ఆగుంబెనే మాల్గుడిగా చూపించాడు. అందులో స్వామి అనే పిల్లవాడిగా మాస్టర్ మంజునాథ్, తండ్రిగా గిరీష్ కర్నాడ్ నటించారు. ఎల్. వైద్యనాథన్ బాణీ వినబడగానే వీధిలో ఆడుకుంటున్న పిల్లలు టీవీ ఉన్న ఇంటికి పరుగెత్తే కాలం అది. హిందీ రాని తెలుగు ఇళ్లలో కూడా ఆ కథలు అర్థమయ్యాయి.

సోమేశ్వరం దాటాక ఘాటు మొదలవుతుంది. పద్నాలుగు మలుపులు. ప్రతి మలుపులోనూ ఈ బండి మొదటి గేరులో మూలిగింది. పైన వాన. ఆగుంబెలో దొడ్డమనె అనే పాతకాలపు పెద్ద ఇల్లు ఉంది. నడుమ తెరిచిన ముంగిలి, చుట్టూ నున్నగా అరిగిన కొయ్య స్తంభాలు. సీరియల్లో స్వామి తిరిగిన ఇల్లు అదే. జట్టులో ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని లేవనంది. ఒకప్పుడు నాన్న పక్కన కూర్చుని టీవీ చూసిన సంగతి చెబుతూ పోయింది. ఓడకు టైమవుతోందని ఆమె కొడుకు తొందరపెడితే డ్రైవరు, “ఉండనీండి సార్, ఘాటు నేను దించుతా గదా” అన్నాడు. దించాడు కూడా. శంకర్ నాగ్ 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయాడని, అప్పటికి నిండా ముప్పయ్యారేళ్లు కూడా లేవని ఆ తిరుగు దారిలోనే అతను చెప్పాడు. రోడ్డు మీద బతికే బండికి ఆ మాట ఇప్పటికీ బరువే.

కొన్నేళ్లకు యజమాని పెద్ద బస్సు కొనుక్కుని ఈ బండిని అమ్మేశాడు. అలా శిడ్లఘట్ట చేరింది.

ఇక్కడి డ్రైవరు రీలర్ల ఇంటి పిల్లవాడు. వేడినీళ్ల తొట్టిలో గూళ్లు ఉడుకుతుంటే దారం కొస వెతికి తీసే పనిలో వేళ్లు తెల్లగా పాలిపోయి, తట్టుకోలేక స్టీరింగు పట్టాడు. ఇంట్లో తెలుగు, రోడ్డు మీద కన్నడం, మార్కెట్లో ఉర్దూ. ఈ తాలూకాల్లో చాలామంది బతుకు ఇలా మూడు భాషల్లోనే నడుస్తుంది. మంగళూరు డ్రైవరు మాదిరే అతనికీ ఆగడం తెలుసు. ఆ విషయంలో ఈ బండి అదృష్టవంతురాలు.

చింతామణి తాలూకాలోని కైవారానికి అవ్వలను తీసుకెళ్లడం అన్నిటికంటే ఇష్టంగా చేసిన పని. కైవారం తాతయ్యగా పేరున్న యోగి నారేయణ మొదట గాజులమ్మి బతికినవాడు. తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు కట్టాడు, కాలజ్ఞానం చెప్పాడు. 1726లో పుట్టి 110 ఏళ్లు బతికాడని భక్తుల నమ్మకం. అవ్వలు దారి పొడుగునా ఆయన తత్వాలు పాడేవాళ్లు. ఒకరు మరిచిపోయిన చరణాన్ని వెనక సీటులో ఇంకొకరు అందుకునేవారు. దిగేటప్పుడు అతను తలుపు పట్టుకుని, “నిదానంగా దిగు అవ్వా, తొందరేం లేదు” అనేవాడు. పదిమంది కనుక ఆ మాట పదిసార్లు అనగలిగాడు. యాభైమంది దిగే బస్సు దగ్గర ఎవరంటారు?

ఇంకో మజిలీ నందికొండ కింద, నంది గ్రామంలో ఉన్న భోగనందీశ్వరాలయం. తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో బాణరాజు భార్య రత్నావళి కట్టించిందని శాసనం చెబుతుంది. తర్వాత గంగులు, చోళులు, హొయ్సళులు, విజయనగరం వాళ్లు ఎవరి వంతు వాళ్లు చేర్చారు. ఈ బండి బయట చెట్టు నీడలోనే ఉండేది. లోపలి సంగతులన్నీ తిరిగొచ్చినవాళ్ల మాటల్లోనే దానికి తెలిశాయి. శివుడి మూడు రూపాల్లో అరుణాచలేశ్వరుడంటే బాల్యం, భోగనందీశ్వరుడంటే యౌవనం, కొండపైన యోగనందీశ్వరుడంటే విరక్తి అట. ఉమామహేశ్వరుడి ముందున్న కల్యాణమంటపంలో నాలుగు నల్లరాతి స్తంభాలున్నాయి. వాటి మీద దేవతా దంపతులు. రాతిలో నగల పూసలు వేటికవి విడిగా కనిపిస్తాయట, వేలు పెడితే గుచ్చుకునేంత పదునుగా. పెళ్లయి నెల కూడా కాని ఒక జంట వాటిని చూసి బండెక్కాక చాలాసేపు మాట్లాడుకోలేదు.

1478 మీటర్ల కొండెక్కాక టిప్పు వేసవి విడిది కనబడగానే జట్టులో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “టిప్పు సీరియల్ ఇక్కడే తీశారా?” డ్రైవరు కాదనేవాడు. 1990లో దూరదర్శన్‌లో వచ్చిన ఆ సీరియల్‌ను మైసూరు ప్రీమియర్ స్టూడియోలో తీశారనీ, 1989 ఫిబ్రవరి 8న అక్కడ సెట్టుకు నిప్పంటుకుని 62 మంది చనిపోయారనీ చెప్పేవాడు. కొండ మీద నిజంగా జరిగింది వేరు. 1791 అక్టోబరులో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ దండు ఈ కోటను ఎక్కి పట్టుకుంది. 1927లో, మళ్లీ 1936లో గాంధీజీ ఆరోగ్యం కోసం ఇక్కడికొచ్చి ఉన్నారు. మాల్గుడి సీరియల్ తీసిన 1986లోనే సార్క్ దేశాల అధినేతలు ఇక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు. సీరియల్ కోసం వెతికిన కళ్లు ఆ మాటలతో అసలు గోడల వైపు తిరిగేవి. టీవీ చూపించిన చోటు కోసం మనిషి బయల్దేరడంలో తప్పేమీ లేదని ఈ బండి గట్టిగా నమ్ముతుంది. దారిలో ఇంకో చోట ఆపేవాడు ఉంటే చాలు.

అలా ఆపినవాటిలో ముద్దేనహళ్లి ఒకటి. 1861లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లె. 1908లో మూసీ ముంచెత్తాక హైదరాబాదుకు వరద బెడద తప్పించే పథకం వేసింది ఈయనే. 1962లో పోయాక సమాధి ఇక్కడే కట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన జట్టు ఒకటి ఆ సమాధి దగ్గర చెప్పులు విప్పి నిలబడింది.

ఇంకొకటి గౌరిబిదనూరు తాలూకాలోని విదురాశ్వత్థం. అక్కడ రావిచెట్టు చోట వేలాది నాగశిలలు ఒకదాని వెనక ఒకటి, పసుపు కుంకుమలు పట్టి, సందు లేకుండా నిలబడి ఉంటాయి. పిల్లల కోసం, గ్రహదోషాల కోసం మొక్కుకున్నవాళ్లు ప్రతిష్ఠించినవి. 1938 ఏప్రిల్ 25న అదే ఊళ్లో జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. చనిపోయినవారి లెక్క మీద ఇప్పటికీ ఒక మాట లేదు. ఇంత చరిత్ర ఉన్నచోటికి లేపాక్షి వెళ్లే పెద్ద బస్సులు చాలావరకు తిరగవు. ఈ బండి తిరిగింది. వీరసౌధలో స్మారకం ముందు ఒక రిటైరైన మాస్టారు పిల్లలకు ఆ రోజు సంగతి చెప్పి, చివర్లో గొంతు పట్టుకుపోయి ఆగిపోయాడట. బండెక్కాక కూడా పిల్లలు అల్లరి చేయలేదు.

ఆ తర్వాత ఇక్కడి యజమాని కొడుకు లెక్కలు చూడటం మొదలుపెట్టాడు.

“యాడా నిలపొద్దు. సూర్యుడు పుట్టేలోపల కొండెక్కల్ల, తొమ్మిదికి తిరిగి రావల్ల” అని డ్రైవరుకు చెప్పేశాడు. అర్ధరాత్రి బెంగళూరులో ఎక్కించుకోవడం, మంచులో ఫోటోలు, కిందికి దిగడం, మళ్లీ ఇంకో జట్టు. పన్నెండు సీట్లలో పద్దెనిమిదిమంది. భోగనందీశ్వరాలయం గోపురం కిటికీలోంచి వెనక్కి పోయేది. “అన్నా, పది నిమిషాలు” అని డ్రైవరు అడిగి చూశాడు, అడగడం మానేశాడు, చివరికి పనే మానేశాడు.

అప్పట్నుంచి ఈ బండిని అడిగేవాడు లేడు. ఆయిలు నల్లబడి చిక్కబడినా మార్చలేదు. బ్రేకులు కీచుమంటే పాటల శబ్దం పెంచారు. ఆదివారం మనుషులు, మిగతా రోజుల్లో వెనక సీట్లు పీకి గూళ్ల క్రేట్లు. గూళ్ల లోపలి పురుగు చచ్చి కారిన నీరు నేల రేకు సందుల్లోకి దిగింది. కడగలేదు. ఆ వాసనకు ఆదివారం ఎక్కినవాళ్లు ముక్కు మూసుకుని బండిని తిట్టేవాళ్లు. తిట్టు బండికే తగిలింది. రేకు మొదట బుడగలా ఉబ్బింది, తర్వాత పెచ్చులూడింది, ఒకరోజు కాలు పెడితే రోడ్డు కనబడింది. అట్ట ముక్క పరిచి పైన చాప వేశారు. అవ్వలు పట్టుకుని దిగిన పిడి ఊడిపోతే తాడు కట్టారు. మరమ్మతుకు డబ్బు లేక కాదు, కొండ సూర్యోదయం ఫోటోల్లో బండి కనబడదు కనుక.

2020లో లాక్‌డౌన్. నెలల తరబడి నిలబడి టైర్లు ఒకపక్కే నొక్కుకుపోయాయి. 2021 ఆగస్టులో నందికొండ చరియ విరిగిపడి దారి మూతబడింది. పదిహేనేళ్లు నిండాయి, ఫిట్‌నెస్‌కు ఖర్చు దండగ అన్నారు. బ్యాటరీ ఒకడు పట్టుకుపోయాడు, టైర్లు ఒకడు, ఇంజను ఇంకొకడు. ఇంజను దించుతున్నప్పుడు ఈ బండి తన బరువు తనకే తెలియనంత తేలికైపోయింది. ఘాటు ఎక్కిన ఇంజను అది.

పని మానేసిన పాత డ్రైవరు ఒకసారి చూడటానికి వచ్చాడు. తలుపుకు ఆనుకుని శివమొగ్గ దగ్గరి అరసాళు సంగతి చెప్పాడు. మాల్గుడి రైల్వేస్టేషన్‌గా సీరియల్లో చూపించిన ఆ పాత స్టేషన్‌ను బాగుచేసి 2020లో మ్యూజియం చేశారు. పాత రైలు పెట్టెకు రంగులేసి టీ కొట్టు చేశారట. జనం ఆ పెట్టెలో కూర్చుని టీ తాగుతూ ఫోటోలు తీసుకుంటున్నారట. ఆ పెట్టె మీద ఈ బండికి అసూయ లేదనడం అబద్ధమవుతుంది. ఏళ్లకేళ్లు మోసిన దానికి ఒక పూత రంగు, ఒక కప్పు టీ పాటి మర్యాద ఇవ్వడం కష్టమేమీ కాదని అరసాళు చూస్తే తెలుస్తోంది కదా.

అతను వచ్చింది ఊరికే కాదు. సొంతంగా ఒక పాత బండి కొంటున్నాడు, అందులో రెండు సీట్లు లేవు. ఇక్కడి మూడింట్లో రెండు ఇవ్వడానికి యజమాని ఒప్పుకున్నాడు, మూడోదాని స్ప్రింగు విరిగింది. పన్నెండుమందికి మించి ఎక్కించనని, ఆదివారాలు కొండ జోలికి పోనని అతను షెడ్డులో వాళ్లకు చెబుతుంటే ఈ బండి విన్నది. పొద్దున ఆరుకు శిడ్లఘట్టలో బయల్దేరి ముందు భోగనందీశ్వరుడు, తర్వాత ముద్దేనహళ్లి, మధ్యాహ్నం విదురాశ్వత్థం, ఎండ తగ్గాక లేపాక్షి. మాల్గుడికి వేరే రెండు రోజుల ప్రయాణం, అరసాళు ఒకరోజు, ఆగుంబె ఒకరోజు. విదురాశ్వత్థానికి అతను అరగంటే పెట్టుకున్నాడు. నాగశిలల దగ్గరే అంత పడుతుంది, స్మారకానికి ఇంకో అరగంట కావాలి. ఆ మాట అతనికి ఎవరైనా చెప్పాలి.